గొంతు మారితే శ్రుతి మార్చండి

ప్రశ్న: మా బ్యాండ్‌లో పాడేవాడు ఉద్యోగమొచ్చి విశాఖ వెళ్లిపోయాడు. కొత్త కుర్రాడిది మంద్ర గొంతు. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ పాటలెత్తుకుంటే పై స్థాయిలో చిరిగిపోతోంది. వాళ్లు ఇంతమందిని మార్చి ఎలా నెగ్గుకొచ్చారు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వాళ్లకీ అన్నిసార్లూ కలిసిరాలేదు. మొదటి రెండు ఆల్బమ్‌లు (1980, 1981) పాల్ డియానో పాడాడు. 1981లో బ్రూస్ డికిన్సన్ వచ్చాక పాటలు అతని గొంతుకు తగ్గట్టు పైకెక్కాయి. 1993లో అతను వెళ్లిపోగా, 1994లో వచ్చిన బ్లేజ్ బెయిలీది కింది స్థాయి గొంతు. 1995, 1998 ఆల్బమ్‌లలో సొంత పాటలు బాగానే పాడినా, వేదిక మీద డికిన్సన్ పాటలు అతనికి బరువయ్యాయి. తప్పు అతనిదనడం మాకు నచ్చదు.

మీ కుర్రాణ్ని అరిపించకండి. పాటలోని అన్నిటికన్నా పై స్వరాన్ని మూడుసార్లు తేలిగ్గా నిలపగలిగేదాకా గిటార్ల శ్రుతి దించండి. హాఫ్ స్టెప్ (అర స్వరం) దించితే తీగ బిగువు దాదాపు 11 శాతం, ఫుల్ స్టెప్ (పూర్తి స్వరం) దించితే 21 శాతం తగ్గుతుంది. 9-42 తీగలే (అన్నిటికన్నా సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంచేస్తే లావు తీగ మెడ మీది లోహపు కమ్మీలకు, అంటే ఫ్రెట్లకు తగిలి జిర్రుమంటుంది. గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది. అందుకని హాఫ్ స్టెప్‌కి 9.5-44, ఫుల్ స్టెప్‌కి 10-46 వేయండి. బిగువు ఇంచుమించు మునుపటిలాగే ఉంటుంది కాబట్టి మెడ వంపు సరిచేసే ట్రస్ రాడ్ జోలికి సాధారణంగా వెళ్లక్కర్లేదు. శ్రుతి చేసేటప్పుడు మెడ పైచివర తీగలు ఆనే నట్ దగ్గర ‘టిక్’మంటే కొత్త తీగ గాడిలో పట్టేస్తోందన్నమాట, ఆ గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దండి. 12వ ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి మీటిన స్వరం (హార్మోనిక్) కన్నా నొక్కిన స్వరం ఎక్కువొస్తే, కింది చివర తీగ ఆనే సాడిల్ వెనక్కి జరపాలి. బేస్ గిటార్‌నీ అంతే దించడం మరిచిపోకండి!

ప్రశ్న: మానేసిన గిటారిస్టు మళ్లీ వస్తానంటున్నాడు. అతని బదులు చేరినవాణ్ని పొమ్మనాలా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అక్కర్లేదు. 1990లో ఏడ్రియన్ స్మిత్ మానేస్తే మెయిడెన్‌లోకి జానిక్ గెర్స్ వచ్చాడు. 1999లో డికిన్సన్‌తో పాటు స్మిత్ తిరిగొచ్చినా గెర్స్‌ను పంపలేదు. డేవ్ మరేతో కలిపి ముగ్గురు గిటారిస్టులయ్యారు. చిక్కల్లా శబ్దంతోనే. ముగ్గురూ ఒకే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస) కొడితే అంతా ముద్దైపోతుంది. ఇద్దరికి జంట స్వరాలివ్వండి, మూడోవాడు రిథమ్ పట్టాలి. ముగ్గురి ఆంప్‌లలోనూ గెయిన్ (శబ్దాన్ని గరగరలాడించే నాబ్) తగ్గించి, కింది స్వరాల బేస్ నాబ్ కాస్త వెనక్కి తిప్పండి. బేస్ గిటార్ విడిగా వినపడేదాకా తగ్గిస్తూ పోవాల్సిందే.