మార్చి 6 గురించి రాసేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

వియత్నాం మీద నీ వ్యాసం చదివాను. 1945 సెప్టెంబరు 2న హనోయ్‌లో హో చి మిన్ చేసిన స్వాతంత్ర్య ప్రకటనతో ఎత్తుకుని, మూడో పేరాకే 1954లో ఫ్రాన్స్ ఓడిపోయిన దియన్ బియన్ ఫూ యుద్ధానికి చేరిపోయావు. నువ్వు రాస్తానన్న దౌత్యమంతా, ముఖ్యంగా పాత పాలకుడైన ఫ్రాన్స్‌తో 1946 మార్చి 6న హో చేసుకున్న ఒప్పందం, మధ్యలోనే ఉండిపోయింది.

ముందు ఎవరి సైన్యం ఎక్కడుందో తేల్చుకో. పోట్స్‌డామ్‌లో మిత్రరాజ్యాలు చేసిన నిర్ణయం ప్రకారం 16వ అక్షాంశానికి ఉత్తరాన జపాన్ సేనల ఆయుధాలు దించే పని చియాంగ్ కై షేక్ చైనాది, దక్షిణాన బ్రిటన్‌ది. సైగాన్‌లో జనరల్ గ్రేసీ చేతికింద ఉన్నది బ్రిటిష్ ఇండియా 20వ డివిజన్. మనవాళ్లున్నారు కదా అని ఆ పేరా పెంచకు. అసలు బేరం ఉత్తరాన సాగింది, అక్కడ చైనా సైనికులు లక్షకు పైగా దిగి కూర్చున్నారు.

ఇక 1946 ఫిబ్రవరి 28 చూడు. ఆ రోజు చుంకింగ్‌లో ఫ్రాన్స్ చైనాలోని తన పాత హక్కులు వదులుకుంది, బదులుగా చైనా ఉత్తర వియత్నాం ఖాళీ చేయడానికి ఒప్పుకుంది. అప్పటికే సముద్రపు పోటు వేళలు లెక్కచూసుకుని సైన్యంతో ఫ్రెంచి ఓడలు ఉత్తరాది రేవు హైఫాంగ్ దారి పట్టాయి. మార్చి 6 ఉదయం రేవులో చైనా సైన్యమే వాటిమీద కాల్పులు జరిపింది. అదే రోజు హనోయ్‌లో ఫ్రాన్స్ ప్రతినిధి సాంతెనీతో హో సంతకం చేశాడు. ఓడలను పక్కన పెట్టి ఆ సంతకాన్ని వివరించబోతే అది లొంగుబాటులాగో మహా ఎత్తుగడలాగో కనిపిస్తుంది. రెండూ తొందరపాటు తీర్పులే.

ఒప్పందంలోని షరతులు నీ మాటల్లో తిరగరాయి. సొంత ప్రభుత్వం, పార్లమెంటు, సైన్యం, ఖజానా ఉన్న 'స్వేచ్ఛా రాజ్యం'గా ఫ్రాన్స్ గుర్తించింది, కానీ ఫ్రాన్స్, దాని వలసల కూటమి అయిన ఫ్రెంచి యూనియన్‌లో భాగంగానే. దక్షిణ భాగమైన కొచ్చిన్‌చైనా కలవాలా వద్దా అన్నది ప్రజాభిప్రాయ సేకరణకు వదిలారు. ఒప్పందానికి జతచేసిన అనుబంధ పత్రాన్ని దాటేయకు, ప్రాణం అందులోనే ఉంది: ఉత్తరాన ఫ్రెంచి సైనికులు 15,000, వియత్నామీయులు 10,000, ఏటా అయిదో వంతు చొప్పున అయిదేళ్లలో ఫ్రెంచివాళ్ల నిష్క్రమణ. హో పక్కన వూ హాంగ్ ఖాన్ కూడా సంతకం పెట్టాడు. ఆయన చైనా అండ ఉన్న జాతీయవాద పక్షం మనిషి. రేపు ఆ పక్షం 'దేశాన్ని అమ్మేశారు' అనకుండా కట్టిన ముడి అది.

అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కు హో రాసిన లేఖల గురించి ఒక్క వాక్యం చాలు. జవాబు రాలేదు, నిజమే. కానీ హో ఆ జవాబు కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు.

ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని ఫాంటెన్‌బ్లోలో జరిగిన చర్చలు క్లుప్తంగా చెప్పు. అవి మొదలవకముందే, జూన్ 1న, ఫ్రెంచి హైకమిషనర్ దార్జాన్లియూ కొచ్చిన్‌చైనాను వేరే రిపబ్లిక్‌గా ప్రకటించి దెబ్బకొట్టాడు. సెప్టెంబరు 14 నాటి తాత్కాలిక ఒప్పందంలో మాత్రం కస్టమ్స్ అంశం దగ్గర ఆగు. హైఫాంగ్ రేవులో సుంకం ఎవరు వసూలు చేయాలన్న తగువే నవంబరులో కాల్పులకు దారితీసింది, 23న ఫ్రెంచి ఫిరంగులు ఊరిమీద పేలాయి. మృతులు వందల్లోనని ఒకరు, ఆరు వేలని మరొకరు. ఏ అంకె వేసినా అది ఎవరి లెక్కో పక్కనే రాయి.