ప్రాగ్‌ యాత్రకు అప్పు చేయాలా?

ప్రశ్న: నేను కరీంనగర్‌లో జూనియర్‌ కళాశాల చరిత్ర అధ్యాపకుణ్ని, నా భార్య స్టాఫ్‌ నర్సు. మరో 16 నెలల్లో మా పెళ్లికి 25 ఏళ్లు నిండుతాయి. అప్పుడు చెక్‌ రిపబ్లిక్‌ రాజధాని ప్రాగ్‌ నగరం చూడాలని మా కోరిక. ఇద్దరికీ 4 లక్షల రూపాయలు కావచ్చని అంచనా వేసుకున్నాం. ఖర్చులు పోను నెలకు 35 వేలు మిగులుతున్నాయి. అందులో 10 వేలు సిప్‌లో (మ్యూచువల్‌ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) వేస్తున్నాం. 6 లక్షల ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ ఉంది. దాన్ని రద్దు చేయాలా, పర్సనల్‌ లోన్‌ తీసుకోవాలా?

జవాబు: రెండూ అవసరం లేదు. 13 శాతం వడ్డీతో 4 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే, నెలకు దాదాపు 13,500 చొప్పున కడుతూ వడ్డీ కిందే సుమారు 85 వేలు చెల్లిస్తారు. ఇక డిపాజిట్‌ మీ కుటుంబానికి ఆపద సమయంలో ఉన్న ఒకే ఒక్క ఆధారం కనుక దాన్ని కదపవద్దు. సిప్‌ను కొనసాగిస్తూ, మిగిలిన 25 వేలను ఈ నెల నుంచే రికరింగ్‌ డిపాజిట్‌లో వేయండి. 16 నెలలకు అసలే 4 లక్షలవుతుంది. ఈలోగా విదేశీ కరెన్సీతో పోలిస్తే రూపాయి విలువ తగ్గితే పడే అదనపు భారానికి దానిపై వచ్చే వడ్డీ కొంత ఆసరా అవుతుంది.

చెక్‌ రిపబ్లిక్‌ 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినా యూరోను స్వీకరించలేదు, అక్కడ చెల్లేది కొరునా. ఈ సంగతి తెలియక చాలామంది ఫారెక్స్‌ కార్డులో (విదేశీ కరెన్సీని ముందే నింపుకొనే కార్డు) యూరోలు వేసుకొని వెళ్తారు. రూపాయి యూరోగా, యూరో మళ్లీ కొరునాగా మారేటప్పుడు రెండుసార్లు నష్టపోతారు. మీ కార్డులో కొరునా సౌకర్యం ఉందో లేదో, లేకపోతే మారకానికి ఎంత రుసుము తీసుకుంటారో బ్యాంకును ముందే అడగండి. అక్కడి ఏటీఎం గానీ దుకాణంలోని స్వైపింగ్‌ యంత్రం గానీ మొత్తాన్ని రూపాయల్లో లెక్కించాలా అని అడిగితే, కొరునాల్లోనే అని ఎంచుకోండి. రూపాయల లెక్కలో వాళ్ల లాభం కూడా కలిసి ఉంటుంది. వీధిలోని మారక కేంద్రంలో తక్కువ రేటుకు మోసపోయినట్లు తెలిస్తే, 1,000 యూరోల విలువ దాటని లావాదేవీని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కును అక్కడి చట్టం 2019 నుంచి ఇస్తోంది. అందుకే రసీదు జాగ్రత్తగా ఉంచుకోండి.

చెక్‌ రిపబ్లిక్‌ సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్‌ వీసా రుసుము పెద్దవారికి 90 యూరోలు. వీసా నిరాకరించినా తిరిగి ఇవ్వరు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు కాబట్టి, వీసా చేతికి రాకముందే రద్దుకు వీల్లేని టికెట్లు కొనవద్దు. టూర్‌ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్‌ (అమ్మేవారు ముందే వసూలు చేసే పన్ను) కూడా కట్టించుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటయ్యే సొమ్మే అయినా, అప్పటివరకు చేతిలో ఉండదు కనుక ముందే లెక్కలో చేర్చుకోండి.

అయితే, ఒకే వీసాతో వియన్నా, బుడాపెస్ట్‌ కూడా చూపిస్తామనే ప్యాకేజీలను నేను సిఫారసు చేయను. ఊరు మారిన ప్రతిసారీ రైలు, హోటల్‌ ఖర్చులు పెరుగుతాయి, ప్రాగ్‌కు ఒక పూటే మిగులుతుంది. 1357లో అక్కడి రాజు నాలుగవ చార్లెస్‌ పునాది వేయించిన రాతి వంతెనపై నడవడానికి, 1410 నాటి ఖగోళ గడియారం గంట కొట్టేటప్పుడు కదిలే బొమ్మలను చూడటానికి టికెట్‌ అక్కర్లేదు. చరిత్ర బోధించే మీకు అక్కడే ఐదు రాత్రులు ఉండటం సంతృప్తినిస్తుంది, ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. తేదీల విషయంలో పట్టింపు లేకపోతే, వేసవి నెలలను, క్రిస్మస్‌ సంతల రోజులను వదిలి మార్చి లేదా నవంబరు ఆరంభంలో హోటల్‌ ధరలు చూడండి.