అమ్మమ్మ మందుల చీటీ సంగతి ఆ ప్రొఫెసర్‌కి రాశావా?

ప్రశ్న: మేడమ్, నాకు 18 ఏళ్లు. విజయవాడలో ఇంటర్ ఎంపీసీ అయ్యాక, అమ్మా నేనూ డాలస్ దగ్గర నాన్న ఉండే చోటికి వచ్చేశాం. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి కంప్యూటర్ సైన్స్‌కి యూనివర్సిటీకి మారాలని ప్లాన్. లెక్కల్లో, ఫిజిక్స్‌లో ఇబ్బంది లేదు. ఇంగ్లిష్ 1301తోనే, అంటే మొదటి ఏడాది రైటింగ్ కోర్సుతోనే ప్రాణం పోతోంది. ఇంటర్ ఇంగ్లిష్‌లో నాకు 96 వచ్చాయి. ఇక్కడ ‘నేను చదవడం, రాయడం ఎలా నేర్చుకున్నాను’ అనే మొదటి వ్యాసానికి 64, రెండోదానికి 68. ‘ఇంగ్లిష్ ప్రపంచ భాష’ అని మొదలుపెడితే ప్రొఫెసర్ ఆ పేరా మొత్తం కొట్టేసి పక్కన ‘అయితే ఏంటి?’ అని రాశారు. పదకొండు నిమిషాలు లేటయిందని ఒక హోంవర్క్‌కి సున్నా వేశారు. పోయిన వారం నేను రాసిన వాక్యం ఒకటి పేరు చెప్పకుండా క్లాసులో చదివితే అందరూ నవ్వారు. తెనాలిలో మా అమ్మమ్మకి మందుల చీటీ చదివి పెట్టేది నేనే. ఏడేళ్లప్పుడు ఓసారి తప్పు చదివి పొద్దున వేసుకోవాల్సిన మాత్ర రాత్రి వేయించాను, అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో ఏది కనబడినా రెండుసార్లు చదువుతాను. అలాంటి నాకు ఇంగ్లిష్ రాదంటే ఏడుపొస్తోంది. కోర్సు డ్రాప్ చేద్దామనుకుంటున్నా. మూడో వ్యాసం ఏఐతో రాయించెయ్ అంటోంది ఫ్రెండ్. ఇంట్లో మాత్రం 90 పైనే వస్తున్నాయని చెప్పాను. క్లాసులో నవ్విన సంగతి అమ్మ ద్వారా తెలిసి నాన్న డీన్‌కి మెయిల్ పెడతానంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ మందుల చీటీ దగ్గరే ఆగిపోయాను. ఏడేళ్ల పిల్ల ఒక్క మాట తప్పు చదివితే పెద్దావిడ వేళ కాని వేళ మాత్ర వేసుకుంది, ఆ భయం ఇప్పటికీ ఆ పిల్లని వదల్లేదు. రెండే రెండు వాక్యాల్లో చెప్పేశావు. ఎవరూ మార్కులు వేయరని తెలుసు కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టు రాశావు. నీకు రాయడం వచ్చు, ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే, ఆ మొదటి వ్యాసంలో ఈ సంగతి ఉందా? ‘ఇంగ్లిష్ ప్రపంచ భాష’తో మొదలైందంటే ఉండి ఉండదనే అనుకుంటున్నాను.

నిన్ను తప్పు పట్టడానికి అడగలేదు. రెండేళ్లపాటు స్టడీ అవర్లలో కూర్చోబెట్టి నీకు నేర్పింది వేరే. వ్యాసం ఇలా మొదలుపెట్టాలి, హెడ్డింగ్ కింద గీత గీయాలి, తెలిసినా తెలియకపోయినా పేజీ నింపాలి అన్నారు. దిద్దే లెక్చరర్ ముందు పేపర్ల కట్ట ఉంటుంది, పాయింట్ కనబడితే మార్కు వేసి పేజీ తిప్పుతారు. నువ్వు ఆ పద్ధతికి సరిగ్గా సరిపోయేలా రాశావు, 96 తెచ్చుకున్నావు, అవి నీ కష్టార్జితమే. కానీ నీకు ఏమనిపించిందో ఆ రెండేళ్లలో ఒక్కరైనా అడిగారా? మీ ప్రొఫెసర్ అడుగుతున్నారు. ‘అయితే ఏంటి?’ అన్న మాట మన చెవికి పొగరుగా వినిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించేది, ఎందుకంటే మన ఇళ్లలో ఆ మాట దెబ్బలాటలోనే వాడతాం. రాత పక్కన మార్జిన్‌లో రాసినప్పుడు దాని అర్థం ‘ఇది నీకెందుకు ముఖ్యమో నాకు చెప్పు’ అని. ‘ఈ మాట ఎవరన్నారు?’ అంటే ఆధారం చూపించమని.

ఇంకో సంగతి తెలిస్తే నీకు కాస్త ఊరటగా ఉంటుంది. ఈ మొదటి ఏడాది రైటింగ్ కోర్సు మనలాంటి బయటి దేశాల పిల్లల కోసం పెట్టింది కాదు. హార్వర్డ్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ 1885లోనే దీన్ని తప్పనిసరి చేశారు, ఇంగ్లిష్ ఇంటి భాషగా పుట్టి పెరిగిన కుర్రాళ్లే సరిగా రాయలేకపోతున్నారని. అంటే నీ పక్కన కూర్చున్న అమెరికన్ అమ్మాయి పేపర్ మీద కూడా ఎర్ర గీతలు ఉండే ఉంటాయి. ఆమె నీకు చూపించి ఉండదు, నువ్వూ నీ పేపర్ మడిచి బ్యాగులో పెట్టేసి ఉంటావు.

నేను ఎంఏ చదివేటప్పుడు మా మేడమ్ ఒకావిడ నా పేపర్ మూడుసార్లు వెనక్కి ఇచ్చారు. మూడోసారి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడకి నేనంటే పడదని నమ్మాను, స్నేహితులందరికీ అదే చెప్పాను కూడా. ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గరుంది. మొదటి కాపీ ఇప్పుడు చదివితే నేను చెప్పదలుచుకున్నది ఎక్కడా కనబడదు, ఆవిడ పెన్సిల్‌తో రాసిన ప్రశ్నల్లోనే కనబడుతుంది. ఇది చెప్పి నిన్ను నోరు మూసుకుని భరించమనడం లేదు, ఆ మాటకే వస్తున్నాను.

క్లాసులో నీ వాక్యం చదవడం. పేరు చెప్పకుండా ఒక వాక్యం బోర్డు మీద పెట్టి అందరూ కలిసి సరిచేయడం రైటింగ్ క్లాసుల్లో మామూలుగా జరిగే పనే. కానీ నవ్వు వచ్చినప్పుడు మీ ప్రొఫెసర్ ఆపాలి, ఆపకపోతే అది తప్పే, ఆ బాధ నీకు న్యాయంగా వచ్చిన బాధ. ముందు ఆవిడతోనే చెప్పు, ‘ఆ రోజు నవ్వు విని నాకు చాలా కష్టమనిపించింది, మళ్లీ నా వాక్యం వాడాలంటే దయచేసి ముందు నన్ను అడగండి’ అని. ఇంతే చాలు, వణుకుతూ చెప్పినా ఫరవాలేదు. అయితే నీ యాసనీ, నీ దేశాన్నీ, నీ పేరునీ ఎవరైనా వెక్కిరిస్తే అది వేరే విషయం. ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీల్లో పుట్టిన దేశాన్ని బట్టి తక్కువగా చూడకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెబుతోంది. అలాంటిది జరిగితే తేదీ, అన్న మాట, అక్కడ ఎవరున్నారు అన్నీ రాసిపెట్టుకుని డిపార్ట్‌మెంట్ చైర్, అంటే ఆ విభాగం హెడ్ దగ్గరికి వెళ్లు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే ఇప్పటికి అలాంటిదేం జరగలేదు. పదకొండు నిమిషాల సున్నా గురించి నేనేం సాయం చేయలేను తల్లీ, సిలబస్‌లో ఆ రూల్ రాసి ఉంటే అది అందరికీ ఒకటే. అక్కడ సిలబస్ అంటే చాప్టర్ల లిస్టు ఒక్కటే కాదు, మీ ఇద్దరి మధ్య ఒప్పందం లాంటిది, ఈ రాత్రి కూర్చుని మొత్తం చదువు. లేటు, తిరగరాత, మార్కుల లెక్క అన్నీ అందులోనే ఉంటాయి.

డ్రాప్ చేయడం గురించి తొందరపడొద్దు. టెక్సస్‌లో 2007 ఫాల్ సెమిస్టర్ నుంచి కొత్తగా చేరినవాళ్లు పబ్లిక్ కాలేజీల్లో డిగ్రీ మొత్తం మీద ఆరు కోర్సులకు మించి డ్రాప్ చేయకూడదు, కొన్ని మినహాయింపులున్నా లెక్క ఆరే. ఇప్పుడే ఒకటి ఖర్చు పెట్టుకుంటే తర్వాత నిజంగా అవసరం వచ్చినప్పుడు ఇబ్బంది పడతావు. పైగా 1301 నుంచి ఎక్కడికి పారిపోతావు? అక్కడి పబ్లిక్ కాలేజీల్లో అందరూ చేయాల్సిన కోర్ కోర్సుల్లో 42 క్రెడిట్లుంటే ఆరు కమ్యూనికేషన్‌వే, 1301 అయ్యాక సాధారణంగా దాని తర్వాతిదైన 1302 కూడా చేయాల్సిందే. (ఇది చదువుతున్న ఎఫ్-1 స్టూడెంట్ వీసా పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అండర్‌గ్రాడ్‌లో 12 క్రెడిట్ల కన్నా తగ్గేలా డ్రాప్ చేయాలంటే ముందుగా కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్ఓ అనుమతి ఉండాలి, లేకపోతే వీసా స్టేటస్‌కే ముప్పు.) ఒక్కమాట మాత్రం గుర్తుంచుకో, నీకు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, ఇలాంటి సమయాల్లో సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి, అమ్మని నిద్రలేపు. ఏ కోర్సూ నీకన్నా ఎక్కువ కాదు.

ఏఐతో రాయించడం అస్సలు వద్దు. దొరికిపోతావని భయపెట్టడానికి చెప్పడం లేదు. ‘నువ్వేమనుకుంటున్నావు’ అని అడిగే ఒకే ఒక్క కోర్సులో నీ బదులు ఇంకోటి జవాబు చెబితే నువ్వు అక్కడ కూర్చోవడం దేనికి? ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏఐ రాతని పట్టుకునే సాధనాలు మనవాళ్లని అన్యాయంగా పట్టుకుంటున్నాయి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు విదేశీ విద్యార్థులు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాలను అలాంటి ఏడు సాధనాలతో పరీక్షిస్తే, సగానికి పైగా వ్యాసాలు యంత్రం రాసినవేనని తప్పుగా తేల్చాయి. అందుకని సొంతంగా రాసినా జాగ్రత్త పడాలి. మొదటి చిత్తు నుంచి అన్నీ ఒకే గూగుల్ డాక్‌లో రాయి, ఎప్పుడేం మార్చావో దాని వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. నోట్సు కాగితాలు పారేయొద్దు.

మరి ఏం చేయాలంటే, ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు. వెళ్లవని నాకు తెలుసు. ఎందుకు వెళ్లవో కూడా తెలుసు, మన దగ్గర స్టాఫ్‌రూమ్‌కి రమ్మన్నారంటే చీవాట్లకే, నలుగురు లెక్చరర్ల ముందు తలదించుకుని నిలబడటానికే. అక్కడ ఆఫీస్ అవర్స్ అంటే పిల్లలు రావాలని ఆవిడ కేటాయించి కూర్చున్న సమయం. చాలాసార్లు ఎవరూ రారు, ఒక్కరే కూర్చుని పేపర్లు దిద్దుకుంటారు. ఆవిడ పని కూడా కాస్త చూడు. రైటింగ్ క్లాసులో 20 మందికి మించకూడదని ఇంగ్లిష్ అధ్యాపకుల సంఘాలు ఎప్పటి నుంచో చెబుతున్నా చాలా చోట్ల అంతకన్నా ఎక్కువే ఉంటారు. ఒక్కో సెక్షన్‌లో పాతిక మంది చొప్పున నాలుగు సెక్షన్లు అనుకో, వంద వ్యాసాలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు పడితే ముప్పైమూడు గంటలు, ఒక్క విడత వ్యాసాలకే. నీ పేపర్ నిండా అన్ని ప్రశ్నలు రాశారంటే ఆవిడ దాన్ని చివరిదాకా చదివారు. నువ్వంటే లెక్కలేని మనిషి 64 వేసి పక్కన పెట్టేసేది.

వెళ్లినప్పుడు ‘నాకెందుకు మార్కులు తగ్గాయి’ అని మొదలుపెట్టకు, మాట అక్కడే బిగుసుకుపోతుంది. ఒకే ఒక్క పేరా పట్టుకెళ్లు. ‘ఇక్కడ మీరు అయితే ఏంటి అని రాశారు, నేను ఇలా మారిస్తే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుందా’ అని అడుగు. పావుగంట చాలు. అంతకన్నా ముందు కాలేజీ రైటింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో, డబ్బులు అడగరు, నీ వ్యాసం నీ చేతే పైకి చదివిస్తారు. పైకి చదివితే ఎక్కడ ఊరికే పేజీ నింపావో నీ చెవికే తెలిసిపోతుంది. అన్నట్టు, 64 తర్వాత 68 వచ్చాయి, ఆ నాలుగు మార్కుల గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు.

ఇక నాన్న. నాకు ఎక్కువ దిగులు ఇక్కడే ఉంది. 90 పైన వస్తున్నాయని చెప్పావు కాబట్టే ఆయనకి ప్రొఫెసర్ మీద అంత కోపం వచ్చింది, బాగా రాసే పిల్లని అవమానించిందనుకుంటున్నారు. డీన్‌కి మెయిల్ పెట్టినా పనేం జరగదు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరాక మార్కుల మీద హక్కు నీదే, నువ్వు ఒప్పుకోకుండా సాధారణంగా ఆయనతో మాట్లాడరు, ‘మీ అమ్మాయినే రమ్మనండి’ అంటారు. ఆ మాట విని ఆయన చిన్నబుచ్చుకుంటారు, నీ అబద్ధమూ అదే రోజు బయటపడుతుంది. అందుకని నువ్వే ముందు చెప్పు. అమ్మని మధ్యలో పెట్టకు. ఆదివారం పొద్దున ఆయన కాఫీ తాగేటప్పుడు రెండు పేపర్లూ ఎదురుగా పెట్టి, ‘నాన్నా, 64, 68 వచ్చాయి, భయపడి అబద్ధం చెప్పాను, తిరగరాసి ఇవ్వబోతున్నాను, మెయిల్ పెట్టకండి’ అని చెప్పెయ్. అరుస్తారు. ఒక పూట మాట్లాడకపోవచ్చు కూడా. ఆయనా ఆ దేశానికి వెళ్లిన కొత్తలో ఆఫీసు మీటింగుల్లో నోరు పెగలక కూర్చున్నవాళ్లే అయి ఉంటారు, ఏదో ఒక రోజు ఆ సంగతి అడుగు, నీకు ఎప్పుడూ చెప్పనివి చెబుతారు.

సార్, ఇది మీరు కూడా చదువుతుంటే ఒక మాట. మీ అమ్మాయి అబద్ధం చెప్పింది మార్కులకి భయపడి కాదు, మీ ముఖం వాడిపోతుందని.

ఒక వ్యాసం తిరగరాసి ఇచ్చే అవకాశం సిలబస్‌లో ఉంటే మొదటిదాన్నే ఎంచుకో అమ్మా. ‘ప్రపంచ భాష’ పేరాని ఆవిడ ఎలాగూ కొట్టేశారు, దాన్ని బతికించాలని చూడకు. తెనాలి ఇంట్లోంచి మొదలుపెట్టు. చీటీ మీద డాక్టర్ రాసినదేంటి, నువ్వు చదివినదేంటి, ఆ రాత్రి అమ్మమ్మ మాత్ర వేసుకున్నాక ఏం జరిగింది, నీ తప్పని నీకు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు. ‘అమ్మమ్మ చాలా మంచిది’ అని రాయకు, ఆ తర్వాత కూడా చీటీ నీ చేతికే ఇచ్చిందా లేదా అన్నది రాయి. నాకైతే అది తెలుసుకోవాలనుంది. నీకు సరిగా గుర్తులేకపోతే అమ్మమ్మకి ఫోన్ చేసి అడుగు, అక్కడ పొద్దున్నప్పుడు చెయ్యి, నిద్ర చెడకుండా.