స్కేలు పెట్టి చేసిన రైలింజన్ మోడల్‌కు కాపీరైట్ ఉంటుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నౌపడా నుంచి మా ఊరికి 1900లో మొదలైన చిన్నబండి ఇంజన్‌ను ఇరవయ్యో వంతు సైజులో రేకు, చెక్కతో చేశాను. శ్రీకాకుళంలో ఒక షాపు ఆయన ఆర్డరిచ్చి చేయించుకున్నారు. ఇప్పుడు దానికి అచ్చు తీసి, రెసిన్ పోసి బొమ్మలు అమ్ముతున్నారు. అడిగితే, 'ఉన్న బండిని కొలిచి చిన్నది చేశావు. అది మెకానికల్ పని, కళ కాదు. పైగా డబ్బులిచ్చాను' అంటున్నారు. కాగితాలేమీ రాసుకోలేదు. రివెట్లు మాత్రం కంటికి ఆనాలని కావాలనే కాస్త పెద్దవి పెట్టాను. నాకు హక్కు ఉందా?

జవాబు: ఉందనే నా అభిప్రాయం. కళా, కాదా అని ఆయనతో వాదించి గొంతు పోగొట్టుకోకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం శిల్పానికి కళాత్మక విలువ ఉన్నా లేకపోయినా రక్షణ ఉంటుంది. శిల్పం అన్న మాటలో మోడళ్లు కూడా వస్తాయని చట్టమే చెప్పింది.

అసలు చిక్కు సొంతదనం దగ్గర. ఒట్టి చాకిరీ చాలదు, నైపుణ్యం, విచక్షణ, ఆవగింజంతైనా సృజన కనబడాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. 762 మిల్లీమీటర్ల గేజిని (పట్టాల మధ్య దూరాన్ని) 38.1కి తగ్గించడం లెక్క, అది ఎవరైనా చేస్తారు. అంగుళం రివెట్ తల మాత్రం ఈ సైజులో ఒకటింపావు మిల్లీమీటరు. రెండు పూతలు పెయింట్ పడితే మాయం. దాన్ని ఎంత పెంచాలో స్కేలు చెప్పదు, మీ కన్ను చెప్పింది. కోర్టులో మీ బలం అదే. రెడీమేడ్ ముక్కల కిట్ కొని అతికించి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు.

ఇక డబ్బు సంగతి. ఫోటో, పెయింటింగ్ లాంటివి డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు చేయించుకున్నవారిది. సెక్షన్ 17లోని ఆ జాబితాలో శిల్పం లేదు. మీరు ఆయన దగ్గర జీతగాడు కూడా కాదు. హక్కు రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. ఆయన కొన్నది ఆ ఒక్క మోడల్‌నే.

ఒక హెచ్చరిక: మీరే యాభైకి మించి అచ్చు పోయించాలనుకుంటే, ముందు డిజైన్ రిజిస్ట్రేషన్ గురించి లాయర్‌తో మాట్లాడండి. లేకపోతే కాపీరైట్‌కే ముప్పు రావచ్చు. ఇంకొకరు సొంతంగా ఆ ఇంజన్‌ను కొలిచి చేసుకుంటే మాత్రం ఆపలేరు.

షాపు ఆంధ్రాలో ఉందని టెన్షన్ వద్దు. సెక్షన్ 62 కింద మీరుండే గజపతి జిల్లాలోనే దావా వేయవచ్చు. నోటీసు ఇచ్చేముందు ఆ రెసిన్ బొమ్మ ఒకటి బిల్లుతో కొనిపించండి. పెద్దవి చేసిన మీ రివెట్లే అందులోనూ ఉంటే, ఆయన కొలిచింది బండిని కాదని తేలిపోతుంది.