సౌదీ నుంచి వచ్చిన మా బావ చేతి పుండు మానడం లేదు. ఊళ్లో కుష్టు అంటున్నారు. పిల్లలకు అంటుకుంటుందా?

ముందు పిల్లల సంగతి. బావ దగ్గరికి పోనివ్వండి. ఒకవేళ కుష్టే అయినా ఒకసారి ముట్టుకుంటే వచ్చే జబ్బు కాదు. పుండు మీద చెయ్యి పెట్టనివ్వకపోతే చాలు. కానీ మీరు రాసింది చదివితే నాకు కుష్టు కన్నా లీష్మేనియా మీదే అనుమానం. అది ఇసుక ఈగ కుడితే పరాన్నజీవి వల్ల వచ్చే చర్మపు పుండు జబ్బు.

మాది దేవరకొండ వైపు. సౌదీలోని అల్ హసాలో ఖర్జూర తోటలో పనిచేసినప్పుడు నాకూ ఇదే వచ్చింది. మొదట దోమ కుట్టినట్టు చిన్న ఎర్ర పొక్కు. రానురాను పెద్దదై, నడిమిట్ల గుంటపడి, చుట్టూ అంచు గట్టిగా లేచింది. అంత పుండుకు నొప్పి ఉండాలి కదా, లేదు. అక్కడి ఆసుపత్రుల్లో ఇది రోజూ చూసే జబ్బే, ఇక్కడికి వచ్చాకే తంటా. ఊళ్లో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ సూదులు వేశాడు, తర్వాత షుగర్ అన్నాడు. పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక చర్మం డాక్టరమ్మ "ఏ దేశంలో, ఏం పని చేశావు?" అని అడిగింది. అప్పటిదాకా ఆ మాట అడిగినవాళ్లు లేరు. పుండు అంచు గీకి స్మియర్ తీసి మైక్రోస్కోప్ కింద చూశారు, పరాన్నజీవి కనిపించింది. కుష్టుకూ ఇట్లాగే గీకి చూస్తారు, కానీ కొన్ని రకాల కుష్టు ఆ పరీక్షలో కనిపించదు, కాబట్టి ఆ అనుమానం కూడా డాక్టరుకు చెప్పి తేల్చుకోండి. మందు పుండు అంచులోకే సూదితో ఎక్కిస్తారు. అబద్ధం చెప్పను, ప్రాణం పోయినంత పనవుతుంది. మచ్చ ఇప్పటికీ ఉంది. కొందరికి మందు లేకుండా నెలల మీద దానంతటదే మానుతుందట, అది డాక్టరే తేల్చాలి.

ఇక ఊరికి పాకుతుందా అంటే, మనిషి నుంచి నేరుగా రాదు, మధ్యలో ఇసుక ఈగ ఉండాలి. దోమలో మూడో వంతు ఉంటుంది, చప్పుడు చేయదు, పొద్దుగూకాక కుడుతుంది. నీళ్లలో కాదు, మట్టిగోడల పగుళ్లలో, ఎలుక బొరియల్లో, కొట్టాల దగ్గర పెరుగుతుంది. ఈ ఈగలు మన దగ్గరా ఉన్నాయి. 2003లో మన పిల్లల ప్రాణాలు తీసిన చాందీపురా మెదడువాపును మోసింది ఈ జాతివే. అయినా చర్మపు లీష్మేనియా మన జిల్లాల్లో వేళ్లూనిన జబ్బు కాదు. దేశంలో దీనికి పేరుపడ్డది రాజస్థాన్‌లోని బికనీర్. అల్ హసా రకం ఎడారి ఎలుకల్లో బతుకుతుంది, ఆ ఎలుకలు మన దగ్గర లేవు. బికనీర్ రకం మాత్రం మనిషి నుంచి ఈగకు, ఈగ నుంచి మనిషికి పోతుంది. బావది ఏ రకమో తేలేదాకా రాత్రి పుండుకు కట్టు కట్టి, మందు పూసిన దోమతెరలో పడుకోమనండి. మామూలు తెర కంతల్లోంచి ఈ ఈగ దూరిపోతుంది.

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, హైదరాబాద్ దాకా ఉరకకుండా ముందు అక్కడి చర్మం డాక్టర్లకు చూపించండి. సౌదీలో ఏ ఊళ్లో, ఏం పని చేశాడో అడగకపోయినా చెప్పమనండి. అప్పటిదాకా పసర్లు, సున్నం పూయనివ్వకండి. చీము పట్టిందంటే స్మియర్‌లో పరాన్నజీవి దొరకడం కష్టమవుతుంది.