పిల్లి చెవి కొన ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: మనవరాలి మొదటి పుట్టినరోజుకి మా అమ్మ పాత నేత చీరలతో పిల్లి బొమ్మల బొంత కుడుతున్నానండి. విడిగా ప్రతి పిల్లీ ముచ్చటగానే ఉంది, తీరా ఒకదానికొకటి కలిపేసరికి చెవుల కొనలు కుట్టులోకి పోయి మొండిగా అయిపోతున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. 20 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నా, ఇది మాత్రం కుదరట్లేదు. – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మీకు చేతకాక కాదండీ, బ్లౌజు అలవాటే అడ్డొస్తోంది. బ్లౌజుకైతే రేపు వదులు చేసుకోవడానికని లోపల గుడ్డ ఎక్కువే వదులుతాం. బొంత ముక్కలకి అలా కుదరదు, అన్నివైపులా సరిగ్గా పావు అంగుళమే.

6 అంగుళాల పిల్లికి ముఖం 6½ × 5½ కోయండి. ఒక్కో చెవికి ముఖం రంగులో 2½ × 1½ ముక్క, వెనక రంగులో (అంటే పిల్లి చుట్టూ కనిపించే రంగులో) 1½ అంగుళాల చదరాలు రెండు. చదరాన్ని ముక్క మూల మీద బోర్లించి ఐమూలగా కుట్టండి, మూలవైపు పావు అంగుళం ఉంచి మిగతాది కోసి మడత తిప్పండి, రెండో మూలకీ అంతే. ఇప్పుడు చెవి కొన పైన పావు అంగుళం ఖాళీ కనిపిస్తుంది. చాలామంది అది తప్పనుకుని కత్తిరించేస్తారు, దయచేసి ముట్టుకోకండి, పై కుట్టు పడేది అక్కడే! అర అంగుళం పట్టారో, కొన లోపలికి పోతుంది. రెండు చెవుల మధ్య వెనక రంగు 2½ × 1½ ముక్క వేసి ముఖానికి కలపండి.

సైజులు తేడా రావడానికీ కారణం ఇదే. కుట్టు అంగుళంలో పదహారో వంతు జరిగినా, రెండువైపులా కలిపి ఎనిమిదో వంతు పోతుంది, అలాంటి కుట్లు ఎనిమిది పడితే అంగుళం మాయం. మిషన్ మీద సూది నుంచి పావు అంగుళం కొలిచి టేపు ముక్క అంటించుకోండి, బట్ట అంచు దాన్ని ఆనుకుని వెళ్లాలి.

ఇంకోటి, పాత నేత చీర మెత్తబడి కత్తెర కింద జారిపోతుంది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, అప్పుడు కోయండి, కాగితంలా నిలబడుతుంది. ఐమూల కుట్ల మీద ఇస్త్రీపెట్టె లాగకూడదు, సాగిపోతాయి, పైనుంచి అద్ది ఎత్తండి. కొత్త గుడ్డ కలిపితే, ముఖ్యంగా ఎరుపు, ముందు ఉతికి రంగు దిగుతుందేమో చూసుకోండి.

కళ్లకి గుండీలు మాత్రం వద్దండీ. ఏడాది పాప నోట్లో పెట్టుకుంటుంది, ఊడితే గొంతులో ఇరుక్కుంటుంది. కాడకుట్టుతో కళ్లూ మీసాలూ కుట్టేయండి, అందంగానూ ఉంటాయి.

ముందు ఒక్క పిల్లిని పూర్తిచేసి కొలవండి. చుట్టూ కుట్టుకి వదిలిన పావు అంగుళంతో కలిపి అటూ ఇటూ 6½ వస్తేనే అమ్మ చీర మిగతాది కోయండి.