కంపైలర్ ప్యాచ్‌లు రాసే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా కాలేజీ నుంచి రాగానే ఎల్‌ఎల్‌వీఎం అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ (మనుషులు రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) పని ముందేసుకుని కూర్చుంటోంది. పైసా రాదు. ఇప్పుడు పంపిన ప్యాచ్, అంటే ఆ కోడ్‌లో తను చేసిన మార్పు, నెల దాటినా తీసుకోలేదు, మూడుసార్లు తిరగరాయించారు. అదంతా ఇరవై ఏళ్ల పాత కోడ్ అట. తన స్నేహితులు ఏఐ కోర్సుల్లో చేరి సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు. పోయిన వారం కోపం వచ్చి, పరీక్షలయ్యేదాకా ఆ పని ముట్టుకోవద్దని చెప్పాను. ఉచితంగా పంచే సాఫ్ట్‌వేర్‌కి జీతం ఎవరిస్తారు? ఏఐ కోర్సు వాళ్లు సీటుకి అడ్వాన్స్ కట్టమంటున్నారు. రెండు దారుల్నీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.
ఒక తండ్రి

జవాబు: జీతం ఎవరిస్తారన్నది మీ ఉత్తరంలో అన్నిటికన్నా తేలికైన ప్రశ్న. ముందు దాన్ని తేల్చేస్తాను. ఎల్‌ఎల్‌వీఎం మీద పనిచేసేవాళ్లలో చాలామంది నెలజీతం తీసుకునే ఉద్యోగులే. ఆపిల్, గూగుల్, ఏఎండీ, ఎన్‌విడియా, ఇంటెల్, ఆర్మ్ లాంటి సంస్థలు కంపైలర్ ఇంజినీర్లను పెట్టుకుని, వాళ్లు రాసిన కోడ్‌లో చాలా భాగాన్ని ఆ ఉమ్మడి ప్రాజెక్టుకే పంపిస్తాయి. ఇందులో దానధర్మం ఏమీ లేదు. కొత్త ప్రాసెసర్ ఎంత గొప్పగా చేసినా దానికి కంపైలర్ లేకపోతే దాని మీద ప్రోగ్రామ్ నడవదు, కొనేవాళ్లు ఉండరు. కంపైలర్‌ని మొదటి నుంచి సొంతంగా రాసుకోవడం కన్నా, అందరూ కలిసి కాపాడుకునే దానికి తమ చిప్ భాగాన్ని జోడించుకోవడం వాళ్లకు చవక. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్‌ల కంపైలర్, ఇంటెల్ కొత్త సీ ప్లస్ ప్లస్ కంపైలర్, రస్ట్, స్విఫ్ట్, జూలియా అనే ప్రోగ్రామింగ్ భాషలు, వీటన్నిటి అడుగునా ఉన్నది ఎల్‌ఎల్‌వీఎం. ఉచితంగా పంచుతారు కాబట్టే ఇంతమంది దాని మీద ఆధారపడ్డారు. అంతమంది ఆధారపడ్డారు కాబట్టే దాన్ని నిలబెట్టేవాళ్లకు జీతాలున్నాయి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ప్రాజెక్టు పేరు మారుతుంది గానీ అడుగున ఉన్న బెంగ ఒక్కటే. బిడ్డ చేసే పని తల్లిదండ్రులకు అర్థం కాదు, నలుగురికి చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. పైగా ఆ పని నెమ్మదిగా సాగుతుంది. ఆ నెమ్మదిని మీరు వైఫల్యం అనుకుంటున్నారు.

నెల రోజులుగా ఆగిన ప్యాచ్ సంగతే చూద్దాం. మూడుసార్లు తిరగరాయమన్నారంటే ఎవరో అనుభవజ్ఞుడు దాన్ని మూడుసార్లు వరసవరసగా చదివాడన్నమాట. పనికిరాదనుకుంటే ఒక్క మాటతో వదిలేసేవాడు. కంపైలర్‌లో తప్పు మిగతా సాఫ్ట్‌వేర్‌లో తప్పు లాంటిది కాదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు అంతా సరిగ్గానే రాసి ఉంటారు, కంపైలర్ దాన్ని యంత్రభాషలోకి మార్చేటప్పుడు ఎక్కడో ఒక లెక్క తప్పుతుంది, ప్రోగ్రామ్ ఆగిపోదు, హెచ్చరిక రాదు, జవాబు మాత్రం తప్పు వస్తుంది. దీన్ని మిస్‌కంపైల్ అంటారు. 2011లో ‘సీస్మిత్’ అనే పరికరాన్ని తయారుచేసిన పరిశోధకులు యాదృచ్ఛికంగా పుట్టించిన సీ ప్రోగ్రామ్‌లతో కంపైలర్లను పరీక్షించి, అంతవరకూ ఎవరికీ తెలియని 325కు పైగా బగ్‌లను బయటపెట్టారు. వాళ్లు పరీక్షించిన ప్రతి కంపైలర్‌లోనూ ఎక్కడో ఒకచోట తప్పుడు కోడ్ పుట్టింది. ఇంత సున్నితమైన చోట కొత్తవాళ్ల ప్యాచ్‌ని చూడగానే కలిపేసుకుంటే నేను భయపడేవాణ్ణి.

జవాబు రాకపోతే వారం ఆగి మర్యాదగా మళ్లీ గుర్తుచేయమని ఆ ప్రాజెక్టు నియమాల్లోనే ఉంది. వాళ్ల భాషలో దాన్ని ‘పింగ్’ అంటారు. అది బతిమాలుకోవడం కాదు, పద్ధతి. ఇంకొకటి కూడా మీకు ముందే చెప్పాలి. ఒకరోజు ప్యాచ్ కలుస్తుంది, ఆ వెంటనే మార్పుల్ని తనంతట తానే పరీక్షించే ఏదో ఒక బిల్డ్‌బాట్ ఎర్రబడుతుంది, అంటే పరీక్ష తప్పుతుంది, ఎవరో దాన్ని వెనక్కి తీసేస్తారు. రివర్ట్ అంటారు. ముందు ప్రాజెక్టును మామూలు స్థితికి తెచ్చి, తర్వాత కారణం వెతకడం అక్కడి ఆనవాయితీ. నిన్న చేరినవాళ్లవీ తీసేస్తారు, పదేళ్ల సీనియర్లవీ తీసేస్తారు. ఆ రోజు ఆమె ముఖం వేలాడేసుకుని కూర్చుంటే, దయచేసి ‘నే చెప్పలా’ అనకండి.

ఇక ఇరవై ఏళ్ల పాత కోడ్‌లో ఏముందన్న మాట. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, ఆయన గురువు విక్రమ్ అడ్వే మొదలుపెట్టిన పని ఇది. మొదటి విడుదల 2003లో. దాని పోటీదారు జీసీసీ 1987 నాటిది, ఇప్పటికీ ఏటా కొత్త వెర్షన్ వస్తోంది. ఇన్నేళ్లు బతికిన కోడ్‌ని మార్చడం ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. ఎల్‌ఎల్‌వీఎం లోపలి భాషలో ప్రతి పాయింటరూ (మెమరీలో ఒక చోటు చిరునామా) తాను దేన్ని సూచిస్తోందో ఆ రకాన్ని వెంటపెట్టుకుని తిరిగేది. దానివల్ల ఉపయోగం తక్కువ, చాకిరీ ఎక్కువ అని తేలింది. తీసేద్దామనుకున్నారు. కానీ ఆ నమ్మకం మీద లక్షల వరుసల కోడ్ కూర్చుని ఉంది, బయట ఎన్నో భాషలు దాన్నే వాడుతున్నాయి. మనుషులు కాపురం ఉంటుండగానే ఇంటి పునాది మార్చినట్టు, ఏళ్ల తరబడి ముక్క తర్వాత ముక్క మార్చుకుంటూ వచ్చి, 2022లో 15వ వెర్షన్‌లో కొత్త పద్ధతినే మామూలు పద్ధతిగా చేశారు. పాతదాన్ని 2023లో 17వ వెర్షన్‌లో పూర్తిగా తొలగించారు. మధ్యలో ఆరు నెలలకోసారి రావలసిన విడుదలలు వస్తూనే ఉన్నాయి.

ఇంకో ముచ్చట నాకు చాలా ఇష్టం. రస్ట్ భాషలో ఒక విలువను మార్చే హక్కు ఒక సమయంలో ఒక్కరికే ఉంటుంది. ఆ సంగతి కంపైలర్‌కి చెబితే కోడ్ వేగంగా నడుస్తుంది. రస్ట్ వాళ్లు ఎల్‌ఎల్‌వీఎంకి అది చెప్పగానే, సీ ప్రోగ్రామ్‌లు అరుదుగా తొక్కే ఆ దారిలో నిద్రపోతున్న బగ్‌లు లేచాయి. ఆ సదుపాయాన్ని ఆపేశారు, బగ్ సరిచేసి మళ్లీ పెట్టారు, ఇంకో బగ్ దొరికి మళ్లీ ఆపారు. చివరికి 2021లో, రస్ట్ 1.54తో అది నిలబడింది. రెండు ప్రాజెక్టుల మనుషులు ఒకరినొకరు తిట్టుకోకుండా చిన్న చిన్న టెస్టులు రాసుకుంటూ ఆ తప్పుల్ని పట్టుకున్నారు. మీ అమ్మాయి నేర్చుకుంటున్నది ఇది. పరాయివాళ్లు రాసిన కోడ్‌ని చదవడం, పెద్ద ప్రోగ్రామ్‌లో ఉన్న తప్పుని పది వరుసలకు కుదించి చూపడం, తన మార్పు ఎందుకు సరైనదో వాదించి ఒప్పించడం. ఉద్యోగంలో చేరాక ఎక్కువమంది చేసేది ఈ పనే, కాలేజీల్లో నేర్పనిదీ ఇదే.

ఇప్పుడు మీరడిగిన ఏఐ కోర్సు. మెషిన్ లెర్నింగ్ అనే శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఆప్టిమైజేషన్ గట్టిగా చదివి అందులోకి వెళ్లే పిల్లలను నేనే ప్రోత్సహిస్తాను. నా అనుమానమంతా సర్టిఫికెట్ కోర్సుల మీద. నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలావరకు సిలబస్ చూస్తే, ఎవరో రాసిన లైబ్రరీని ఎలా పిలవాలో నేర్పడం, ఎవరో తయారుచేసిన మోడల్‌కి ప్రశ్న ఎలా వేయాలో నేర్పడం, అంతే. ఆ లైబ్రరీ రెండేళ్లలో మారిపోతుంది, చేతిలో సర్టిఫికెట్ మిగులుతుంది. ఒకే కోర్సు, ఒకే ప్రాజెక్టు, ఒకే రెజ్యూమే పట్టుకుని వరుసలో నిలబడిన పిల్లల్ని ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎలా విడదీస్తారో ఆలోచించండి. “ఈ మోడల్ ఇక్కడ ఎందుకు నెమ్మదిగా నడుస్తోంది?” అన్న రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఆ రెండో ప్రశ్నకి జవాబు కంపైలర్ వైపు ఉంటుంది. ఏఐ మోడళ్లను గ్రాఫిక్స్ చిప్‌ల మీద, కొత్త రకం యాక్సిలరేటర్ల మీద వేగంగా నడిపేవి ఎక్స్‌ఎల్‌ఏ, ట్రైటన్ లాంటి కంపైలర్లే. ట్రైటన్ కట్టుకున్నది ఎమ్‌ఎల్‌ఐఆర్ అనే, కంపైలర్లు కట్టడానికి వాడే పునాది మీద, అది ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టులోని భాగం. మీరు రెండు వేరు వేరు దారులనుకుంటున్నవి నిజానికి ఒకచోట కలుస్తున్నాయి, మీ అమ్మాయి ఆ కూడలికి దగ్గర్లోనే ఉంది. అందుకే మీరు కోరిన పోలిక నేను రెండు గడుల పట్టికలా ఇవ్వలేకపోతున్నాను.

ఏఐయే కోడ్ రాసేస్తుంది కదా, ఇక కంపైలర్ ఇంజినీర్లు ఎందుకని మరికొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఎవరు రాసినా ఆ కోడ్ కంపైలర్ గుండానే వెళ్లాలి. రాసిన ప్యాచ్ నిజంగా సరైనదేనా అని పూచీపడే మనిషి కావాలి. చదవకుండా ఏఐతో రాయించి పంపే ప్యాచ్‌లు ఇప్పటికే వాటిని చదివి సరిచూసే రివ్యూయర్లకు భారమవుతున్నాయి. మీ అమ్మాయి ఏఐ సాయం తీసుకుంటే తప్పు లేదు, కానీ పంపే ప్రతి వరుసనూ తానే వివరించగలగాలి.

ఓపెన్ సోర్స్ అనగానే మెచ్చుకునే మనిషిని కూడా కాను. రెజ్యూమే కోసం అక్షరదోషాలు దిద్ది వంద పుల్ రిక్వెస్ట్‌లు (మా మార్పు కలుపుకోండన్న వినతులు) పంపే ఫ్యాషన్ ఒకటి నడుస్తోంది. 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమం సమయంలో ఇలాంటి చెత్త ఎంత వచ్చిపడిందంటే, ప్రాజెక్టులు తమంతట తాము ఒప్పుకుంటేనే అందులో చేరేలా నియమం మార్చాల్సి వచ్చింది. మీ అమ్మాయిది ఆ కోవ కాదు. అలాంటివాళ్లు ఒకే ప్యాచ్‌ని మూడుసార్లు తిరగరాయరు.

కష్టాలు దాచను. కంపైలర్ ఉద్యోగాలు వెబ్, యాప్‌ల ఉద్యోగాలంత విరివిగా ఉండవు. అప్పుడే చదువు ముగించినవాళ్లను తీసుకునే చోట్లు ఇంకా తక్కువ, కొన్నిటికి మాస్టర్స్ అడుగుతారు. అందుకని అల్గారిథమ్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ ఆమె గట్టిగా పట్టుకోవాలి. కంపైలర్ ఉద్యోగం వెంటనే దొరక్కపోయినా డేటాబేస్‌లు, సిస్టమ్స్ ప్రోగ్రామింగ్, పెర్ఫార్మెన్స్ ఇంజినీరింగ్ వైపు ఇదే నేర్పు పనికొస్తుంది. జీతం లేని మెయింటెనర్లు, అంటే ప్రాజెక్టు బాగోగులు చూసేవాళ్లు, ఒంటరిగా మోసే చిన్న ప్రాజెక్టులు కూడా చాలా ఉన్నాయి. అక్కడ చిక్కుకుని అలసిపోయిన పిల్లల్ని చూశాను. ఆమె ఉన్నది అలాంటి చోట కాదు.

ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో స్నేహితుల సర్టిఫికెట్లున్నాయి, అడ్వాన్స్ ఉంది, మీ కోపం ఉంది. మీ అమ్మాయి ఏ బగ్ సరిచేస్తోందో మాత్రం లేదు. ఏడాదిలో ఒక్కసారైనా అడిగారా? ఇరవై ఏళ్ల పిల్ల, ఎవరూ చెప్పకుండా, ప్రపంచంలో చాలామందికి కష్టమనిపించే పనిని ఎంచుకుని, మూడుసార్లు దిద్దించినా వదలకుండా కూర్చుంది. దానికి మీరిచ్చిన జవాబు ‘ముట్టుకోవద్దు’. రివ్యూయర్ అడిగిన ప్రశ్నకు ఆమె వారాల తరబడి బదులివ్వకపోతే ఆ ప్యాచ్ కింద కోడ్ మారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. పరీక్షల పేరుతో మీరు ఆపింది సరదాను కాదు, ఇంకొకరితో ఒప్పుకున్న పనిని. పరీక్షల రోజుల్లో గంట తగ్గించుకోమనండి, ఆమే తగ్గించుకుంటుంది. పూర్తిగా మూయించకండి.

ఇంతా చెప్పింది మిమ్మల్ని నొప్పించడానికి కాదు. మీ భయం ప్రేమలోంచి వచ్చిందని నాకు తెలుసు. ఆమె చేస్తున్నది వృథా పని కాదు, ఆమె దారి తప్పలేదు. ఈ మాట ఆమెకు మీ నోటి నుంచే వినబడాలి.

చేయవలసినవి కొన్నే. కోర్సుకి అడ్వాన్స్ కట్టకండి. ఏఐ మీద ఆమెకే ఆసక్తి ఉంటే ఎమ్‌ఎల్‌ఐఆర్ వైపు ఒక చిన్న పని ఎంచుకోమనండి. ఎల్‌ఎల్‌వీఎం తరచూ పాల్గొనే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి దరఖాస్తు చేయమనండి. అందులో మార్గదర్శి ఉంటారు, స్టైపెండ్ ఉంటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కూడా ఈ పని చుట్టూనే ఉండేలా గైడ్‌తో ముందే మాట్లాడుకోమనండి. రెజ్యూమేలో ప్యాచ్‌ల సంఖ్య కాకుండా, తప్పు ఏమిటి, ఎలా పట్టుకుంది, ఏ టెస్ట్ రాసింది అన్నది రాసి, ప్యాచ్‌ల లింకులు ఇమ్మనండి.

రెండు విడుదలలు గడవనివ్వండి, అంటే సుమారు ఏడాది. అప్పటికి ఆమె ప్యాచ్‌లు ఎవరైనా ఎదురుచూసి చదువుతున్నారా, ఇతరుల ప్యాచ్‌లు చూడమని ఆమెను అడుగుతున్నారా, కోడ్ పగిలిన చోట ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారా అన్నవి గమనించి నాకు మళ్లీ రాయండి. ఈ మూడింటిలో ఒక్కటీ జరగకపోతే, ఆ రోజు మనం ముగ్గురం కూర్చుని వేరే దారి గురించి మాట్లాడుకుందాం.